ఆరుబయట పడక

పన్నెండేళ్లొచ్చే వరకూ వేసవిలో నా పడక డాబా మీదే. సాయంత్రం నీళ్లు చల్లి, చాపలు పరిచి, అన్నయ్యతో పోటీపడి చుక్కలు లెక్కపెట్టేదాన్ని. పెద్దమనిషినైన ఏడాది అమ్మ నా దిండు తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. అన్నయ్య మాత్రం పెళ్లయ్యేదాకా డాబా మీదే పడుకున్నాడు.

మళ్లీ ఆరుబయట పడుకున్నది నలభై ఆరో ఏట, స్కాట్లండ్‌లో. అక్కడ పాఠాలు చెబుతున్నప్పుడు తోటి అధ్యాపకురాలొకామె తన బివీ బ్యాగు ఇచ్చింది. పేరు కొత్తగానీ అదొక వాటర్‌ప్రూఫ్ సంచి. స్లీపింగ్ బ్యాగుకి పైన తొడుగుతారు. కర్రలుండవు, తాళ్లుండవు, డేరా వేసే పనే లేదు. గోర్‌టెక్స్ బట్ట వాననీటిని ఆపి ఒంటి ఆవిరిని బయటికి పోనిస్తుంది. బ్రిటిష్ సైన్యం వాడి అమ్మేసినవి చవకగా దొరుకుతాయి, ఇదీ అలాంటిదే. 2003 నాటి స్కాట్లండ్ భూసంస్కరణ చట్టం ప్రకారం, కొన్ని చోట్ల మినహా, కొండల్లో బాధ్యతగా ఎవరైనా రాత్రి గడపొచ్చు. ఆ "ఎవరైనా"లో నేనూ ఉన్నానని నమ్మడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మే నెలాఖరు. కెయిర్న్‌గార్మ్ కొండల్లో గ్లెన్‌మోర్ నుంచి రైవోన్ కనుమ వైపు నడిచి, పైన్ చెట్ల దగ్గర సంచి పరిచాను. రాత్రి పదకొండైనా వెలుగు పూర్తిగా పోలేదు. ఎవరికైనా కనిపిస్తానేమోనని జిప్పు తల మీదుగా మొత్తం లాగేసుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చేసరికి మెడా జుట్టూ తడి. వాన పడలేదు. నా ఊపిరే లోపల నీరై కారింది. ఏం చేసినా ముక్కూ నోరూ బయటే ఉంచుకోమని ఆమె ముందే చెప్పింది. భయంలో గుర్తు రాలేదు.

వణుకుతూ జిప్పు తీశాను. అప్పుడే పుల్ల విరిగిన చప్పుడు. అంతకుముందు ఏడాది డేరాలో పడుకున్నప్పుడు ఇలాంటి చప్పుడుకే తెల్లారేదాకా గుడ్డగోడని చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు తల తిప్పితే చాలు. జింక. నన్ను చూసింది, మళ్లీ మేతలో పడింది.

నిద్ర పట్టలేదు. నన్ను నిజంగా భయపెట్టిన మగవాళ్లు నాకెక్కడ తారసపడ్డారా అని లెక్కేశాను. పరిశోధన గైడు గది. బంధువుల పెళ్లింట్లో సామాన్ల కొట్టు. ఇంకొకటి రాయను. అన్నింటికీ తలుపులున్నాయి, గడియలున్నాయి.

అయితే ఇదంతా ఏదో స్వేచ్ఛ అని రాసేయడానికి చెయ్యి రావడం లేదు. పల్నాడులో మా మిరపచేలకి కోతకొచ్చిన ఆడవాళ్లు గట్ల మీద ప్లాస్టిక్ పట్టాల కింద, పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకునేవాళ్లు. వాళ్లకి అలవాటేలే అనేవారు నాన్న. నా దిండు లోపలికెళ్లిన ఏడాది కూడా ఆ మాటే అన్నారు. నేను బ్యాగులో పొడిబట్టలు పెట్టుకుని, సెలవు పెట్టుకుని వచ్చినదాన్ని.

మర్నాడు అమ్మ ఫోన్ చేస్తే హోటల్లో ఉన్నానని చెప్పబోయి ఆగాను.

"కొండ మీద, బయటే పడుకున్నానమ్మా. ఒక్కదాన్నే."

కాసేపు మాట్లాడలేదు.

"తలకేమైనా కట్టుకున్నావా? మంచు పడుతుందే" అంది.