షాటోవరు నదిలో జెట్టుపడవ

పడవ యనగానే మనకు తెఱచాపయు, గడయు, తెడ్డును, వెనుక కూర్చుండి చుక్కాని పట్టు సరంగును స్మరణకు వచ్చును. ఇవి యేవియు లేక, నీటినే మ్రింగి నీటినే వెడలగ్రక్కుచు పరుగిడు పడవ యొకటి కలదు. దానిని జెట్టుపడవ యందురు. దాని వేగము కంటెను దాని నిలుపుదల విచిత్రమైనది. దానిని కన్నులార చూచి వచ్చితిమి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మఱిది సకుటుంబముగా న్యూజిలాండు దేశమున ఆక్లండు నగరమందు కాపురముండెను. బడికి వేసవి సెలవులిచ్చిన పిమ్మట మావారితోను, అత్తగారితోను, పండ్రెండేండ్ల మా అమ్మాయితోను అచటికి పోయితిమి. అచటినుండి మఱిదియు తోడికోడలును మమ్ము దక్షిణద్వీపమున క్వీన్స్‌టౌను అను పట్టణమునకు తోడ్కొనిపోయిరి. ఇచట రోహిణి కార్తె యెండలు మండుచుండగా అచట శీతకాలము ప్రవేశించుచుండెను. వాకటిపు సరస్సు ఒడ్డున నిలిచి తలయెత్తినచో రిమార్కబుల్సు అను పర్వతపంక్తి మంచు తలపాగా చుట్టుకొని కానవచ్చెను.

పట్టణమునకు కొలది దూరమున ఆర్థర్స్ పాయింటు అను చోటు కలదు. అచట షాటోవరు నది ఇరుకైన రాతిగండ్ల నడుమ పాఱుచున్నది. 1862లో ఈ నదిలో బంగారము కానవచ్చుటచే నానాదేశముల జనులు మూకలుగా వచ్చి ఇసుక కడిగిరట. నేడు బంగారపు వేట పోయి జెట్టుపడవల వేడుక వచ్చినది. గండిపైనున్న వంతెనకు ఎడిత్ కావెలు అను దాది పేరు పెట్టిరి. ఆమె మొదటి మహాయుద్ధమున శత్రువుల యధీనమందున్న బెల్జియము నుండి అనేక సైనికులను తప్పించి, ఆ నేరమునకై 1915లో జర్మనుల తుపాకులకు గురియైన ధీర. ఎక్కడి బ్రస్సెల్సు, ఎక్కడి షాటోవరు! పుణ్యవతుల కీర్తి సముద్రములు దాటిపోవునుగదా.

ఈ పడవను లోకమునకిచ్చినవాడు ఆ దేశమున గొఱ్ఱెలమందలను పెంచిన విలియము హామిల్టను (1899–1978). ఆయన క్షేత్రము మెకంజీ సీమలో ఐరిష్‌మన్ క్రీకు అనుచోట నుండెను. ఆ సీమలోని నదులు గులకరాళ్లపై పాయలుపాయలుగా పాఱును. వేసవిలో మన గోదావరి లాంచీలు ఇసుకమేటలకు తగిలి నిలిచిపోవునట్లే, అచట సామాన్యపు మోటారుపడవల చక్రములు రాళ్లకు తగిలి విఱిగెడివి. నీటిధారతో నడచు యంత్రమొకటి అమెరికాలో అంతకుముందే కలదు. కాని దానిలో ధార పడవ యడుగున వెడలెడిది. హామిల్టనును ఆయన పనివారును 1953–54 ప్రాంతమున ఆ ధారను నీటిమట్టమునకు పైగా వెనుకకు చిమ్మునట్లు మార్చిరి. దానితో వేగము హెచ్చెను, అడుగున రాయి తగులు కొఱవియు లేకపోయెను. 1960లో ఈ పడవలు అమెరికాలోని కొలరాడో మహాగండిని ఎదురీదినవి. ఆయన భార్య పెగ్గీ హామిల్టను భర్త చరిత్రమును గ్రంథముగా వ్రాసి 1969లో ప్రకటించినది.

దీని మర్మము సులభమే. పడవ యడుగున జల్లెడవంటి కంత యుండును. అందుండి నీరు లోనికి పీల్చబడి, తిరుగు ఱెక్కలచే త్రోయబడి, వెనుకనున్న సన్నని గొట్టముగుండ మహావేగమున వెడలును. ఆ ధారను కుడియెడమలకు మరలించుటయే చుక్కాని త్రిప్పుట. ఇట్టి పడవ పరుగులో నుండగా 10 సెంటీమీటర్ల నీటిపైనను సాగిపోగలదు.

ఇక నిలుపుదల. ధారకు అడ్డముగా దోసిలివంటి మూత యొకటి దిగును. వెనుకకు పోవు ధార దానికి తగిలి క్రిందికిని ముందునకును మరలును. యంత్రము ఆగదు, ధారయు ఆగదు, దిక్కు మాత్రము మాఱును. వేగముగా పోవునపుడు ఇట్లు చేసినచో పడవ ముక్కు నీటిలోనికి వంగి, కొలది దూరములోనే నిలిచిపోవును. చిన్న పడవలో ఇది ప్రమాదకరమైన విద్య. ముక్కు మిక్కిలి వంగినచో నీరు లోనికి దూకును. తాను లేపిన అలయే వెనుకనుండి వచ్చి పైబడును. భయపడి యంత్రమును కట్టివేసిన వాని గతి యింకను కష్టము. ధార లేకున్న చుక్కానియు లేదు, పడవ తన పాత వేగముతో రాతివంకకే పోవును.

ఒడ్డున మా అత్తగారు, “పిల్లకు అసలే దూకుడు ఎక్కువ. అణచవలసినది పోయి ఇట్టివి ఎక్కింతువా?” అనిరి. తోడికోడలు మెల్లగా, “అక్కయ్యగారూ, మీరు ప్రక్కన కూర్చుండుడు, చాలును” అనినది. మేమును అమ్మాయియు లైఫుజాకెట్లు తొడుగుకొని ఎక్కితిమి. పడవ నడిపినది ముప్పదియేండ్లైన నిండని యువతి!

గంటకు 80 కిలోమీటర్లకు పైబడిన వేగమున రాతిగోడలు చేయి చాచిన తగులునంత చేరువగా వచ్చి తొలగుచుండెను. గుండె గొంతుకలోనికి వచ్చినది. ఆ యువతి చేయి యెత్తి వ్రేలు గాలిలో గుండ్రముగా త్రిప్పినది. అది కడ్డీ పట్టుకొనుడను సంజ్ఞ. ఆ వెంటనే పడవ వెనుకభాగము జాఱి, బొంగరమువలె ఒక చుట్టు తిరిగినది. పిదప నది వెడల్పైన లోతుచోట ముందుగా చెప్పి, పరుగెత్తు పడవను నిలిపి చూపినది. మేమందఱము ముందునకు తూలితిమి, చల్లని నీరు మొగములపై చిమ్మినది. చూచునప్పటికి పడవ నిశ్చలము. అమ్మాయి పకపక నవ్వుచుండెను.

అపుడు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. ఋతుపర్ణుని యుత్తరీయము జాఱిపడగా రథము నిలుపుమని ఆయన చెప్పునంతలో, నలుడు తోలు గుఱ్ఱములు యోజనము దాటిపోయినవట. అంతటి సారథి హయముల శక్తిని తగ్గించి సారథ్యము నేర్వలేదు, వాని హృదయ మెఱిగి నేర్చెను. ఈ యువతియు అంతియే. నిగ్రహమనగా శక్తి చల్లారుట కాదు, శక్తిని మరలింపగలుగుట.

ఒడ్డు చేరిన పిమ్మట అత్తగారితో ఇదియే మనవి చేసితిమి: “అత్తయ్యగారూ, యంత్రము ఆపినచో ఆ పడవకు దారియే తెలియదట. మన పిల్ల దూకుడును ఆర్పవద్దు, మరలించుట నేర్పుదము.” ఆమె కొంతసేపు మౌనముగా నుండి, తన శాలువతో అమ్మాయి తడితల తుడిచిరి.

ఈ పడవలకు మన దేశముతోను సంబంధము కలదు. 1953లో టెన్సింగుతో ఎవరెస్టు శిఖర మెక్కిన ఎడ్మండు హిల్లరీ 1977లో మూడు జెట్టుపడవలతో బంగాళాఖాతమునుండి గంగకు ఎదురుగా పయనించెను. వానిలో నొకదాని పేరు గంగ. నందప్రయాగ కడ జలపాతము అడ్డగింపగా పడవలు నిలిచినవి, ఆయన బృందము కాలినడకను ముందునకు సాగినది.

పోదలచు సోదరీమణులకు రెండు మాటలు. చీరకొంగు గట్టిగా దోపుకొనుడు, ఉన్నిబట్టలు మఱువకుడు. నడుమునొప్పి గలవారును, గర్భిణులును ఎక్కరాదు. ఇట్టి విన్యాసములలో పూర్వము ప్రాణములు పోయిన సందర్భములును కలవు. అందుచేతనే ఆ దేశమున ఈ పడవలకును నడుపువారికిని ప్రత్యేక శాసనములు కలవు. చేయి తిరిగిన సరంగు లేనిచోట ఈ వేడుకకు పోవద్దు. ఉన్నచోట మాత్రము మీ యమ్మాయిలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కడ్డీ గట్టిగా పట్టుకొని, ఒకసారి చూచి రండు.