బాలానగర్ షెడ్లలో కొత్త కొలతలు

బాలానగర్‌ను చూడాలంటే 2021లో వచ్చిన ఫ్లైఓవర్ ఎక్కకూడదు. కింది రోడ్డు పట్టుకుని గాంధీనగర్ కోఆపరేటివ్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ సందుల్లోకి నడిచి వెళ్లాలి. నేను వెళ్లేసరికి ట్రాలీ ఆటోల్లోంచి ఉక్కు రౌండ్లు దించుతున్నారు. ఒక షెడ్డులో కోత, పక్క షెడ్డులో లేత్, ఎదురుగా గ్రైండింగ్, సందు చివర హీట్ ట్రీట్‌మెంట్. ఒక్క పీసు తయారయ్యేలోపు నాలుగు గడపలు తొక్కుతుంది. కూలెంట్ వాసన రోడ్డు దాకా వస్తుంది.

ఈ పేటను పెంచింది ప్రభుత్వ రంగం. ఇక్కడే ఐడీపీఎల్, 1965లో హెచ్‌ఏఎల్, అటు రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఇటు 1967లో ఈసీఐఎల్. వాటికి కావలసిన చిన్నాపెద్దా విడిభాగాలు ఈ సందుల్లోంచే వెళ్లేవి. 1968లో వచ్చిన సీఐటీడీ శిక్షణ సంస్థ టూల్ డిజైన్ నేర్పింది. 1970లో పుట్టిన ఎంటార్ కంపెనీ అణు విద్యుత్తుకు, అంతరిక్ష ప్రయోగాలకు భాగాలు చేసింది. అంటే పనితనం ఇక్కడ ఎప్పుడూ ఉంది. బహుళజాతి కంపెనీలకు సరఫరా మొదలయ్యాక మారిందేమిటో చూడాలనే వెళ్లాను.

విదేశీ టర్బైన్ కంపెనీలకు భాగాలు పంపే ఒక సంస్థలోకి రానిచ్చారు. అక్కడ ముందు చూపించింది మెషీన్లను కాదు, కొలతల గదిని. రెండు తలుపులు దాటి లోపలికి వెళ్లాలి. ఏడాది పొడవునా అక్కడ 20 డిగ్రీలే. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత అది. వంద మిల్లీమీటర్ల ఉక్కు ముక్క ఒక్క డిగ్రీ వేడెక్కితే మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే కాస్త ఎక్కువే సాగుతుంది. మే నెలలో నలభై డిగ్రీల షెడ్డులో కొలిస్తే ఇరవైకి పైగా మైక్రాన్ల తేడా వస్తుంది. ఆ తేడా చాలు, పీసు తిరస్కరణకు గురికావడానికి.

బల్ల మీద అరచేతి పొడవున్న బ్లేడు ఒకటి ఉంది. దాని ఒంపు మీద వేలు పెడితే ఎక్కడా గీత తగల్లేదు. దాని పక్కనే రూట్ కార్డు: ఆ లోహం ఏ కొలిమిలో ఏ హీట్ నంబరుతో కరిగిందో, ఏ మెషీను మీద ఎవరు తిప్పారో, ఏ గేజ్‌తో కొలిచారో, ఆ గేజ్‌ను ఎప్పుడు సరిచూశారో అన్నీ అందులో ఉన్నాయి. మొదటి పీసుకైతే డ్రాయింగ్‌లోని ప్రతి కొలతకూ నంబరు వేసి, ఒక్కొక్కటీ కొలిచి రాసి పంపాలి. తర్వాత మెషీను మార్చినా, మరో షెడ్డుకు తరలించినా మళ్లీ తనిఖీ తప్పదు.

పాతికేళ్లుగా లేత్ పని చేస్తున్న ఒకాయన అన్న మాట: “ఎనకట చేత్తోని పట్టుకుంటే తెల్సిపోయేది సార్, సైజొచ్చిందా లేదా అని. ఇప్పుడు చెయ్యి చెప్తే ఒప్పుకోరు. రీడింగ్ రాస్తెనే పీసు ముందుకు పోతది.” ఆ మాటలో బాధ లేదు, గర్వమే ఉంది. ఆయన చేతి నేర్పు ఇప్పుడు కాగితం మీదికి వచ్చింది. ఆయన సెలవు పెట్టిన రోజు కూడా పీసు అలాగే రావాలి. నాకు కనిపించిన అసలు మార్పు ఇదే: ఒక మనిషిలో ఉన్న విద్య సంస్థ సొత్తు అవుతోంది.

దీనికి ఖరీదు ఉంది. “మొదటి ఆర్డరుకు ముందు రెండేళ్లు వాళ్లు మా దగ్గర కొన్నదేమీ లేదు, అడిగినవన్నీ కాగితాలే” అన్నారు యజమాని. కొలతల యంత్రం, నాణ్యతకు ఇచ్చే ఏఎస్ 9100 సర్టిఫికెట్, ఆడిట్లు అన్నీ అప్పు మీదే. తొలి ఆర్డరు వచ్చిన ఏడాది పాత గిరాకీల పని వెనకబడిందని కూడా చెప్పారు. ఆ మాట వినగానే కోస్టారికా గుర్తొచ్చింది. అక్కడి పన్ను లెక్కలతో ముగ్గురు ఆర్థికవేత్తలు 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే కనిపిస్తుంది. బహుళజాతి కంపెనీకి తొలిసారి సరుకిచ్చిన ఏడాది మిగతా కొనుగోలుదారులకు చేసే అమ్మకాలు బాగా పడిపోతాయి, తర్వాత మెల్లగా కోలుకుంటాయి. నాలుగేళ్లకు ఆ సంస్థల్లో ఉద్యోగులు 26 శాతం పెరిగారు, ఉత్పాదకత 4 నుంచి 9 శాతం పెరిగింది. కష్టకాలం దాటినవాళ్లకు లాభం నిజం.

బాలానగర్‌లోనూ దానికి సాక్ష్యాలున్నాయి. ఇక్కడ చిన్న షెడ్డులో మొదలైన ఆజాద్ ఇంజనీరింగ్ ఇవాళ జీఈ వెర్నోవా, సీమెన్స్ ఎనర్జీ, మిత్సుబిషి వంటి సంస్థలకు టర్బైన్ బ్లేడ్లు పంపుతోంది. 2023 డిసెంబరులో స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. ఎంటార్ అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీకి ఫ్యూయల్ సెల్ భాగాలు ఇస్తోంది. కొన్నేళ్లుగా దాని ఆదాయంలో పెద్ద వాటా ఆ ఒక్క కొనుగోలుదారుదే. అక్కడ ఆర్డర్లు వాయిదా పడితే ఆ దెబ్బ ఇక్కడి షిఫ్టుల మీద పడుతుంది. ఒక పెద్ద కంపెనీ చేయి పట్టుకుని ఎదిగిన ప్రతి సంస్థా రెండో చేయి వెతుక్కోవాల్సిందే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం రోడ్డు అవతల. పెద్ద సంస్థల నుంచి జాబ్ వర్క్ తెచ్చుకునే చిన్న షెడ్డు అది. రెండు మెషీన్లు, నలుగురు మనుషులు. “పని ఇస్తరు సార్, పైసలే మూడు నెలలకిస్తరు. కరెంటు బిల్లు మూడు నెలలు ఆగుతదా?” అని అడిగాడు యజమాని. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఫిర్యాదు చేస్తే మళ్లీ పని రాదన్న భయం ఆ చట్టాన్ని పనిచేయనివ్వడం లేదు. రూట్ కార్డు, కొలతల గది, ఆడిట్ క్రమశిక్షణ ఇవన్నీ రోడ్డు ఇవతలే ఆగిపోయాయి. అతని దగ్గర నైపుణ్యం తక్కువై కాదు. దాన్ని రుజువు చేసుకునే స్తోమత లేక.

ఊరికి అటు చివర ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. హైదరాబాద్ గర్వపడాల్సిన విషయమే. కానీ ఆ వెలుగు బాలానగర్ సందుల దాకా రావాలంటే నలుగురు పనివాళ్ల షెడ్డుకూ అందుబాటులో ఉండే ఉమ్మడి కొలతల కేంద్రం కావాలి, సర్టిఫికెట్ ఖర్చుకు సాయం కావాలి. పైన నేర్చుకున్న సంస్థలు కిందివాళ్లకు నేర్పే బాధ్యత తీసుకోవాలి. విదేశీ కంపెనీ కోసం మైక్రాన్ దాకా కొలవడం నేర్చుకున్నాం. పక్క షెడ్డుకు డబ్బివ్వాల్సిన తేదీని కూడా అంతే కచ్చితంగా పాటించిన రోజున, బాలానగర్ మొత్తం ఎదిగిందని ధైర్యంగా చెప్పుకోవచ్చు.