వంటాముదం

మా మామ్మకి కీళ్ళవాతం. చలికాలం వస్తే మంచం దిగడానికే గోడ పట్టుకునేది. ఆమె లేచినప్పుడు మోకాలిచిప్పలు కటకటమనడం పక్కన కూర్చున్న నాకూ వినపడేది.

చలి ముదిరేలోగా ఇంట్లో వంటాముదం తీసేవారు. గింజలు దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దని నీళ్ళలో వేసి పెరట్లో పొయ్యి మీద మరిగించేవారు. నూనె మెల్లగా పైకి తేలేది. దాన్ని గరిటెతో తీసి, చెమ్మ ఇగిరి చిటపటలు ఆగేదాకా మళ్ళీ కాచి సీసాకెత్తేవారు. నల్లగా, చిక్కగా, కాస్త మాడు వాసనతో ఉండేది. ఇప్పుడు కొట్లో దొరికే తేటటి ఆముదానికి ఆ వాసన లేదు.

దీపాలు పెట్టేవేళకి మంత్రసాని వచ్చేది. మా నాన్ననీ అత్తయ్యలనీ భూమ్మీద పడేసిన చేతులు ఆమెవే. పురుళ్ళు ఆసుపత్రులకి వెళ్ళిపోయాక ఆమెకి మిగిలింది ఒళ్ళు పట్టే పని. గోరువెచ్చటి ఆముదం అరచేతులకి రాసుకుని తొడ దగ్గర మొదలుపెట్టేది.

"నొప్పి మోకాల్లోనైతే తొడ పడతావేంటే?"

"కండ సడలితే కీలు దానంతటదే వదులవుద్దండి అమ్మగారూ."

మోకాలు వాచి, ముట్టుకుంటే కాలుతున్న రోజున మాత్రం మామ్మ ఎంత బతిమాలినా చెయ్యి వేసేది కాదు. ఆ విచక్షణ ఆమెకి ఎవరు నేర్పారో!

అరిగిన కీలు మర్దనతో తిరిగి పెరగదు. పొద్దున్నే గోడ ఆసరా లేకుండా దొడ్లోకి వెళ్ళగలిగితే చాలనేది మామ్మ. 2012లో అమెరికాలో మోకాళ్ళు అరిగిన 125 మందితో చేసిన ఒక పరిశోధన గురించి ఈమధ్య చదివాను. వారానికోసారి గంటసేపు, ఎనిమిది వారాలు మర్దన చేయించుకున్నవాళ్ళకి నొప్పి బాగా తగ్గిందట. గంట అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మంత్రసాని కూర్చుంటే అన్నాలవేళకి గానీ లేచేది కాదు.

లేచాక శేరు బియ్యం కొంగున పోయించుకునేది. ఆమె వేళ్ళ కణుపులు కూడా ఉబ్బి ఉండేవి. వాటిని పట్టాలని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. వీధరుగు మీద కాసేపు కూర్చుని, గిన్నె అడుగున మిగిలిన ఆముదం తన వేళ్ళకి రాసుకునేది. కుడిచేత్తో ఎడమచెయ్యి, ఎడమచేత్తో కుడిచెయ్యి, ఒక్కో కణుపూ తనే నొక్కుకుని, చీకట్లో ఇంటిదారి పట్టేది.