బంతియాటయు లెక్కలును

సాయంకాలము మన పాఠశాల మైదానములో బాస్కెట్‌బాలు ఆడు బాలురను చూచువారు బంతి బుట్టలో పడినప్పుడు చప్పట్లు కొట్టుదురు. పడనప్పుడు నిట్టూర్పు విడుతురు. ఆ బంతిని అచ్చటనుండియే ఏల వేసిరి, వేయుటకు అనువైన చోటు ఎట్లు చిక్కెను అని విచారించువారు కొలదిమంది. ఇరువది సంవత్సరములుగా గణితము బోధించుచు, బడి విడిచిన పిమ్మట ఆటస్థలమున నిలుచు అలవాటు గల నాకు ఈ విచారణయే ఎక్కువ ఆసక్తి కలిగించుచున్నది. అమెరికా దేశపు కళాశాలలలో దీనికి లెక్కలతో జవాబు వెదకుచున్న విధమును గూర్చి నేను చదివి తెలిసికొన్న సంగతులను, వానివలన ఉపాధ్యాయునిగా నాకు తోచిన యొక మాటను చదువరుల యెదుట ఉంచుచున్నాను.

ఈ ఆట పుట్టినదే పాఠశాలలో. 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున, మసాచుసెట్సు రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందలి వై.ఎం.సి.ఏ. శిక్షణాలయమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున లోపల ఆడుకొనుటకై రెండు పండ్లబుట్టలను ఎత్తున బిగింపించి, 13 నియమములు వ్రాసి దీనిని కల్పించెను. 1920లో హారీ క్రో బక్ గారు చెన్నపట్టణమున స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలలో తర్ఫీదు పొందినవారు దక్షిణదేశపు పాఠశాలలలో అనేకచోట్ల ఈ ఆటను నేర్పిరి.

ఆటలో లెక్క వ్రాయుట క్రొత్త కాదు. అయితే ఏమి లెక్కింపవలెనన్న ఆలోచన క్రమముగా మారినది. 1961 మొదలు 1997 వరకు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు జట్టునకు ముఖ్యశిక్షకుడుగా నుండి 879 విజయములు గడించిన డీన్ స్మిత్ మొత్తము పాయింట్లను మాత్రమే చూడక, బంతి చేతికి వచ్చిన ఒక్కొక్క పర్యాయమునకు ఎన్ని పాయింట్లు వచ్చినవో చూచెడివాడు. ఒక జట్టు ఒక ఆటలో 80 పర్యాయములకు 80 పాయింట్లు చేసినదనుకొందము. మరియొక జట్టు వేరొక ఆటలో 60 పర్యాయములకు 66 పాయింట్లు చేసినదనుకొందము. చూచువారు మొదటిదానినే మెచ్చుకొందురు. భాగహారము తెలిసిన బాలుడు రెండవదానినే మెచ్చును. ఏలయనగా దానికి పర్యాయమునకు 1.1 పాయింట్లు, మొదటిదానికి ఒక్కటియే.

1986-87 సంవత్సరపు ఆటలనుండి అమెరికా కళాశాలల పురుషుల పోటీలన్నిటిలో మూడు పాయింట్ల రేఖ అమలులోనికి వచ్చెను. ఆ రేఖ వెలుపలినుండి వేసిన బంతి బుట్టలో పడిన మూడు, లోపలినుండి వేసినది పడిన రెండు పాయింట్లు. మన విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. రేఖకు లోపల, బుట్టకు కొంత దూరమునుండి 100 సార్లు వేయగా 40 పడిన 80 పాయింట్లు. రేఖ వెలుపలినుండి 100 సార్లు వేయగా 35 మాత్రమే పడినను 105 పాయింట్లు! బుట్ట చెంతనే నిలిచి వేసిన బంతులు సహజముగా ఎక్కువ పడును. కాబట్టి మిక్కిలి దగ్గర చోటును, రేఖకు వెలుపలి చోటును లాభకరములు. నడిమి చోటు సామాన్యముగా నష్టకరము. 2004లో డీన్ ఆలివరు తన గ్రంథమున నాలుగు విషయములను లెక్కింపవలెనని చెప్పెను. అవి ఏవనగా: వేసిన బంతులకు వచ్చిన ఫలము, బుట్టవైపు వేయకయే పోగొట్టుకొన్న బంతులు, గురి తప్పగా తిరిగి పట్టుకొన్న బంతులు, ఫౌలువలన లభించిన ఉచిత అవకాశములు.

ఈ లెక్కను నమ్మి జట్టును నడిపినవారిలో నేట్ ఓట్స్ ఒకడు. ఆయన మిషిగన్ రాష్ట్రములోని రోములస్ ఉన్నత పాఠశాలలో గణితము బోధించుచు జట్టునకు శిక్షకుడుగా నుండెను. 2013లో బఫెలో విశ్వవిద్యాలయమున సహాయ శిక్షకుడై, 2015లో అచ్చటనే ముఖ్యశిక్షకుడై, 2019లో అలబామా విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. ఆయన జట్టు నడిమి చోటునుండి బంతి వేయుట చాల అరుదు.

అయితే లెక్క తనంతట తాను ఆడదు. ఆట జరుగుచుండగా బాలునికి నిలిచి ఆలోచించు వ్యవధి యుండదు. అచ్చటనే సహాయ శిక్షకుల పని యగపడుచున్నది. రాబోవు ప్రత్యర్థులను వారు పంచుకొందురు. ఒక్కొక్కరు తమ వంతు వచ్చిన జట్టుయొక్క చలనచిత్రములను మరల మరల చూచి, దాని బలహీనతను కనిపెట్టి, పుటలకొలది అంకెలలోనుండి రెండు మూడు మాటలను మాత్రమే ఏరి ఆటగాండ్రకు చెప్పుదురు. “నీవు మూలకు పోయి నిలువుము, నీ మీదికి కావలివాడు వచ్చిన వెంటనే లోపలికి పరుగెత్తుము.” ఇంతియే. పెద్ద పద్దును చిన్న ఆజ్ఞగా మార్చుటయే వారి విద్య. ఈ పని పెరుగుచున్నందుననే కాబోలు, 2023 జూలై నుండి అచ్చటి క్రీడా సంఘము ఒక్కొక్క జట్టునకు మరి యిద్దరు శిక్షకులు తర్ఫీదు నిచ్చుటకు అనుమతించెను. ఆ 2023లోనే అలబామా సహాయ శిక్షకులు ముగ్గురును వేరు కళాశాలలకు ముఖ్యశిక్షకులై వెళ్లిపోయిరి. క్రొత్తవారితో నడిచిన ఆ జట్టు 2024లో మొట్టమొదటి సారిగా దేశపు చివరి నాలుగు జట్లలో నిలిచినది. మంచి పద్ధతి ఒకరి తలలోనే దాగియుండక, నేర్పదగినదిగా నున్నయెడల నిలుచునని దీనివలన నాకు తోచుచున్నది.

ఇది చదివిన పిమ్మట మేమును కొంత ప్రయత్నించితిమి. మోకాలి నొప్పిచేత ఒక సంవత్సరమంతయు ఆడలేకపోయిన బాలునకు గడులు గీసిన నోటుపుస్తక మిచ్చితిని. ఎదుటి జట్లు పొడగరులైనందున ఓడుచున్నామని మన బాలురు తలంచుచుండిరి. పుస్తకము వేరొక సంగతి చెప్పెను: తొందరపడి అందించుటవలన, బుట్టవైపు వేయకయే పోయిన బంతులు మిక్కుటముగా నుండెను. మా వ్యాయామోపాధ్యాయులు ఆ పుస్తకమును బాలురకు చూపలేదు. “రెండు కాళ్లమీద నిలిచి బంతి నందించుడి” అని మాత్రము వారమంతయు చెప్పిరి. ఆటలన్నియు గెలిచితిమని చెప్పజాలను గాని, ఆ గడిలోని గీతలు తగ్గినవి.

ఆ దినములలో ఒక విద్యార్థి తండ్రి నాయొద్దకు వచ్చి, “మా వాడు ఎన్ని పాయింట్లు చేసినాడండీ, మాస్టరుగారూ?” అని యడిగెను. ఆ బాలుని పాయింట్లు స్వల్పము. అతడు ఎదుటివానికి అడ్డు నిలిచి, తనవానికి దారి చేయువాడు. అతడు ఆడునప్పుడు తక్కినవారు సులువుగా బంతి వేయుదురు. ఆ సంగతి చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “అది ఈ పుస్తకములో ఎక్కడ వ్రాసియున్నది?” అనెను. ఆ గడి పుస్తకములో లేదు.

ఈ ప్రశ్న నన్ను చాలకాలము వెంటాడినది. మనము ఏమి లెక్కింతుమో పిల్లలు దానికొరకే పాటుపడుదురు. లెక్కలలో ఆరితేరిన ఆ ఓట్స్‌యే, నేలమీద పొరలు బంతికై దూకినవారికిని, దెబ్బకోర్చి అడ్డు నిలిచినవారికిని వేరుగా గుర్తులు వేయించి, ఎక్కువ గుర్తులు పొందినవానికి కూలిపనివారు ధరించు గట్టి టోపీని బహుమానముగా నిచ్చుచు వచ్చెను. పాయింటు చేసినవాడు బంతి నందించినవానిని వ్రేలితో చూపవలెనని డీన్ స్మిత్ నియమించెను. లెక్కను తగ్గించుట కాదు, లెక్కకు రాని మేలును కూడ లెక్కలోనికి తెచ్చుటయే వారి ఉద్దేశము.

తల్లిదండ్రులారా, మీ చేతికి వచ్చు ప్రోగ్రెసు కార్డులో మార్కుల గడులు చాల గలవు. ప్రక్కవానికి పాఠము చెప్పిన గడి లేదు. జబ్బుపడిన స్నేహితునికి నోట్సు వ్రాసిపెట్టిన గడి లేదు. దానిని నింపవలసినవారు మీరును మేమును. మా నోటుపుస్తకములో మాత్రము ఆ బాలుడు స్కేలు పెట్టి క్రొత్త గడి యొకటి గీసినాడు. దానిపైన “దారి చేసినవారు” అని వ్రాసినాడు.