పుట్టినరోజుకు ఒక రాత్రి విడిది

శ్రీమతి పుట్టినరోజుకు మేము నల్లపాడు నుండి ఎంతో దూరం వెళ్ళలేదు. పిల్లలను దాదీ వద్ద ఉంచి, గుంటూరు విద్యానగర్‌లో 2022లో ప్రారంభమైన ఐటీసీ వెల్‌కమ్‌హోటల్‌లో ఒక రాత్రి బస చేశాము. మిర్చి యార్డుకు టిక్కీలు పోటెత్తే కాలమది. దారిలో ఘాటుకు ఒకటే దగ్గు. గదిలో ఆ బాధ లేదు.

అద్దె విని ఆమె నొచ్చుకుంది. బంధువులను పిలిచి విందు చేస్తే వంట భారం మళ్ళీ ఆమెదేగా! ప్రయాణంలో దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారని హదీసు. ఇల్లాలి ఉల్లాసానికి వెచ్చించడాన్ని మేము దుబారాగా తలచలేదు.

కిబ్లా దిశ విచారించుకుని మగ్రిబ్ నమాజు చేశాము. ఫజ్ర్ తర్వాత ఆమె మళ్ళీ నిద్రపోయింది. ఇంటివద్దనైతే ఆ వేళకు పొయ్యి వెలిగి ఉంటుంది. తొమ్మిదింటికి లేచి, పిల్లలు ఏమి తిన్నారో ఫోను చేసి కనుక్కోమంది.