సింహాలు పుట్టని గడ్డ మీద సింహాలు

డబ్లిన్‌లో దిగిన మర్నాడే బుక్ ఆఫ్ కెల్స్ చూడటానికి వెళ్లాను. ప్రయాణపు బడలిక ఇంకా తీరలేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ముందు వరస చాలా దూరం సాగింది. నా ముందు నిలబడ్డ పెద్దాయన, అందులోని నీలం రంగు అఫ్గానిస్తాన్ గనుల రాయిని నూరి చేసిందని చెప్పాడు. చాలా పుస్తకాల్లో నేనూ అదే చదివాను. తర్వాత జరిగిన పరీక్షల్లో మాత్రం ఆ రాయి జాడ కనపడలేదు. తేలింది మొక్క నుంచి తీసిన నీలి. మన నీలిమందులో ఉండే రంగూ అదే.

లోపల చీకటి గదిలో గాజుపెట్టె, అందులో తెరిచి ఉంచిన రెండు పుటలు. 340 చర్మపత్రాల గ్రంథంలో చూడవచ్చినవాళ్లకు దక్కేది అంతే. ఆ వేళ తెరిచిన చోట రాతే ఎక్కువగా ఉంది. నేను వెతుక్కుంటూ వచ్చిన బొమ్మలను గోడల మీద, పెద్దవి చేసిన నకళ్లలో చూశాను.

నాలుగు సువార్తల లాటిన్ ప్రతి ఇది. క్రీ.శ. 800 ప్రాంతంలో రాశారని పండితుల అంచనా. ఐర్లండ్‌లోని కెల్స్‌లో రాశారా, స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న అయోనా దీవిలో రాశారా అన్నది తేలలేదు. రాసినవాళ్లు తమ ఊరు చెప్పలేదు కనక ఇన్నేళ్లుగా బొమ్మలనే సాక్ష్యం అడుగుతున్నారు. నేనూ ఆ పని మీదే బయల్దేరాను.

క్రీస్తు పేరులోని తొలి అక్షరాలతో నిండిపోయిన పుట దగ్గర చాలాసేపు ఆగాను. దూరం నుంచి చూస్తే అన్నీ సుడులు, ముడులు. దగ్గరికి వెళితే అడుగున రెండు పిల్లులు కూర్చుని కనపడ్డాయి. వాటి ఎదుట రెండు ఎలుకలు గుండ్రటి రొట్టెను చెరోవైపు కొరుకుతున్నాయి. పిల్లుల వీపుల మీద మరో రెండు ఎలుకలు ఎక్కి ఉన్నాయి. కాస్త కుడిగా నల్లటి నీటికుక్క చేపను కరుచుకుంది. వీటిని గీసినవాడు కళ్లారా చూసే గీశాడని నాకు అనిపించింది. ఆ పిల్లుల కాపలా చూసినవాడికి తప్ప తట్టదు.

మిగతా పుటల్లోని సింహాలు, నెమళ్లు, పాముల సంగతి వేరు. ఆ దీవుల్లో సింహం పుట్టలేదు. ఐర్లండ్‌లో పాములే లేవు. మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద గుర్తులుగా బైబిల్ వ్యాఖ్యానాల నుంచి వచ్చాయి. నెమలి మాంసం కుళ్లదని, కుబుసం విడిచే పాము పునరుత్థానానికి గుర్తని నమ్మిన చదువు మధ్యధరా తీరాల నుంచి పుస్తకాల్లో నడిచి వచ్చింది. ఈ జంతువులను బట్టి గ్రంథం రాసిన సన్యాసులు ఏం చదివారో చెప్పవచ్చు గానీ, ఏ గదిలో కూర్చుని గీశారో చెప్పలేం.

కెల్స్‌కు బస్సులో వెళ్లాను. పైకప్పు పోయిన గుండ్రటి గోపురం, దాని పక్కన సమాధులు, చెక్కిన రాతి శిలువలు. చర్చి ఆవరణలో పలకరించిన ఆవిడ, "డబ్లిన్‌లో ఉన్నది మా పుస్తకమేనండీ, ఇక్కడే పుట్టింది" అంది. ఆ మాటకు కొంత ఆధారం ఉంది. 1007లో ఇక్కడి చర్చి నుంచి అయోనాలో మఠం కట్టిన కొలంబా పేరిట ఉన్న మహాసువార్త గ్రంథాన్ని ఎవరో రాత్రివేళ ఎత్తుకెళ్లారని, బంగారం ఊడబెరికి మట్టిగడ్డ కింద పడేసి ఉండగా దొరికిందని పాత వార్షిక చరిత్రలో రాసుంది. అది ఈ గ్రంథమేనని చాలామంది అంటారు. కాకపోతే, పోగొట్టుకున్న ఊరు రాసిన ఊరు కానక్కర్లేదు. ఒక శిలువ మీద సింహాల మధ్య నిలబడ్డ బైబిల్ దానియేలు కనపడ్డాడు. గ్రంథంలో నన్ను బాగా పట్టుకున్న పుట తల్లీబిడ్డలది. ఒళ్లో బిడ్డతో మరియ, చుట్టూ దేవదూతలు. అరిగిపోయిన ఆ రాళ్ల మీద ఆ జంట కోసం వెతికాను. నాకు దొరకలేదు.

అయోనా చేరడానికి ఓబన్ నుంచి ఓడ ఎక్కి మల్ దీవిలో దిగాను, దాన్ని బస్సులో దాటి మళ్లీ చిన్న ఓడ ఎక్కాను. కొలంబా 563లో మఠం కట్టిన చోటు ఇది. 806లో వైకింగులు 68 మందిని చంపారు. మరుసటి ఏడే సన్యాసులు కెల్స్‌లో కొత్త మఠం మొదలుపెట్టారు. ఇక్కడ చర్చి దగ్గర ఉన్న మనిషి, "ఇక్కడ రాసిందే, అనుమానమేముంది" అన్నాడు.

చర్చి ముందు మార్టిన్ శిలువ ఉంది. ఎనిమిదో శతాబ్దంలో నాటిన చోటే ఇప్పటికీ నిలబడి ఉంది. ఒకవైపు నడిమి వృత్తంలో తల్లీబిడ్డలు కనపడ్డారు. కింద ఇక్కడా దానియేలు, సింహాలు. రెండోవైపు ఉబ్బెత్తు గుండ్ల చుట్టూ పాములు మెలికలు తిరిగాయి. గ్రంథపు పుటల్లో పాములు పెనవేసుకున్న పద్ధతి నాకు వెంటనే గుర్తొచ్చింది. పుస్తకాన్ని పడవలో వేసుకుని పారిపోవచ్చు, ఈ రాయిని అలా మోసుకుపోలేరు. గ్రంథం మొదలైంది అయోనాలోనేనని నేను నమ్ముతున్నది ఈ రాయి వల్లే.

అంతా ఇక్కడే పూర్తయిందని మాత్రం అనలేను. కొన్ని పుటల్లో గీత గీసి రంగు వేయకుండా వదిలేశారు. ఆ పని ఏ ఒడ్డున ఆగిపోయి ఉంటుందని అడిగితే, చర్చి దగ్గరి ఆ మనిషి మళ్లీ అయోనా పేరే చెప్పాడు.