అతడు చెప్పని పేరు

విజయనగరం, పార్వతీపురం ప్రాంతాలనుండి రాయపూరు మార్గంలో వచ్చి, రైల్వే కొలువుల్లో కుదురుకొన్న తెలుగు కుటుంబాలు బిలాస్‌పూరులో అనేకం. 1988లో ఆ పట్టణం ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. అటువంటి ఒక కుటుంబంలో పదిహేడేండ్ల కుర్రవాడొకడు ఉండేవాడు. తండ్రి లోకోషెడ్డులో ఫిట్టరు. ఇంటిల్లిపాదీ రైల్వే కాలనీలోని ఒక చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి చెందినవారు.

ఆ సంఘంలో సినిమా నిషిద్ధం, నగలు నిషిద్ధం, రేడియోలో పాటలు సైతం నిషిద్ధం. అయినప్పటికీ పరాయి భాష నడుమ బ్రతికేవారికి ఆ సంఘమే ఊరు, ఆ సంఘమే బంధుబలగం. జబ్బు చేస్తే గంజి కాచి తెచ్చేది వారే. తప్పు చేస్తే నిలదీసేదీ వారే. దానినుండి వెలియైనవానికి పోవడానికి మరో చోటు లేదు.

ఆరాధనలో అతడు డోలక్ వాయించేవాడు. అతని ఈడువాడే అయిన గార్డుగారి అబ్బాయి హార్మోనియం వాయిస్తూ పాడేవాడు. ఆ వేసవిలో స్నేహితుడు నలభై రోజులు తాతగారి ఊరు వెళ్ళాడు. మూడవనాటినుండి అతడు ప్రతి సాయంత్రం స్టేషనుకు పోయి, రాయపూరు వైపునుండి వచ్చే బండ్లను చూడసాగాడు. ఎవరికోసమని టీకొట్టు ముసలాయన అడిగితే జవాబు తోచలేదు. ఇంటికి నడిచి వస్తూండగా తోచింది. ఉత్త స్నేహితునికోసం ఎవరూ ఇంతగా ఎదురుచూడరు.

తెలిసిన మరుక్షణమే భయం పుట్టింది. ఈ సంగతికి అతడు విన్న పేరు ఒక్కటే. అది ప్రసంగాల్లో వినబడే ‘పాపం’. ఇటువంటివాడు లోకంలో తానొక్కడే అనుకొన్నాడు. కొన్నాళ్ళకు సరుకులు కట్టియిచ్చిన ఒక పాత హిందీ పత్రిక ముక్క అతని కంటబడింది. లీల, ఊర్మిళ అనే ఇద్దరు మహిళా పోలీసులు 1987లో పరస్పరం వివాహమాడారనీ, అందుకు ఉద్యోగాలు కోల్పోయారనీ వార్త. అదీ తమ రాష్ట్రంలోనే! శిక్ష సంగతి చదివి వణికాడు. అయినా ఆ కాగితాన్ని పారవేయలేదు. అంచున పెన్సిలుతో ‘నేనూ, వాడూ’ అని వ్రాసి, పాటల పుస్తకంలో దాచుకొన్నాడు.

ఆ పుస్తకం ఒకనాడు సంఘపెద్ద చేతిలో పడింది. శుక్రవారం కూడికలో అతణ్ణి నిలబెట్టారు.

“వాడెవడో చెప్పు బాబూ, ఇద్దరికోసమూ ప్రార్థన చేస్తాం,” అన్నారు అయ్యగారు. మృదువుగానే అన్నారు. కోపంతో అడిగి ఉంటే ఎదిరించడం సులువయ్యేది.

హార్మోనియం ముందు కూర్చొన్నవాని వేళ్ళు కదలలేదు. స్త్రీల వరుసలో తల్లి కొంగు ముఖంమీదికి లాగుకొన్నది.

“నేను ప్రేమించినమాట నిజమేనండి, అయ్యగారూ. పేరు దేవునికి తెలుసు,” అన్నాడతడు. ఆపైన ఎవరెంత అడిగినా నోరు విప్పలేదు.

డోలక్ మరొకరికి ఇచ్చారు. తండ్రి ఆరు నెలలు అతనితో మాట్లాడలేదు. మరుసటి ఏడు గార్డుగారికి షహడోల్ బదిలీ అయింది. బండి కదిలినప్పుడు స్నేహితులిద్దరూ అందరివలెనే చేతులు ఊపుకొన్నారు. అంతకుమించి వీడ్కోలుకు వీలు లేకపోయింది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. వయోజనుల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదనీ, 1860నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను వారికి వర్తించదనీ ధర్మాసనం ప్రకటించింది. బిలాస్‌పూరు అప్పటికి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. అతనికి నలభై ఏడేండ్లు. పెండ్లి చేసుకోలేదు. తండ్రి గతించాడు. టీవీలో ఆ వార్త విన్న తల్లి చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు అన్నది:

“ఆ గార్డుగారబ్బాయి ఎంత బాగా పాడేవాడురా!”

అతడు నిర్ఘాంతపోయాడు. “నీకు తెలుసా అమ్మా?”

“తెలుసు నాయనా. నా ముఖం చూస్తే వాళ్ళకీ తెలిసిపోతుందనే ఆరోజు కొంగు లాక్కున్నాను.”

తల్లి తనవల్ల సిగ్గుపడి ముఖం దాచుకొన్నదని అతడు ముప్ఫై ఏండ్లుగా అనుకొంటూ వచ్చాడు. ఆ రాత్రి భోజనానికి ముందు ఎప్పటివలె ఆమెయే ప్రార్థన చేసింది. చివరలో, మొట్టమొదటిసారిగా, గార్డుగారి అబ్బాయి ఎక్కడున్నా క్షేమంగా ఉండాలని, పేరు పెట్టి మరీ వేడుకొన్నది.